అచ్చులో పడని వరుసలు

ఆదివారం పొద్దున అంట్లన్నీ తోమి బోర్లించాక, దోర్కా అదే సబ్బుతో ఫ్లాపీలు కడగడం మొదలుపెట్టింది.

నవ్వే పని కాదు. పాత ఫ్లాపీలు కడగడానికి ఒక పద్ధతుంది. నల్లటి తొడుగు అంచును బ్లేడుతో కోసి, లోపలున్న పల్చటి చక్రాన్ని వేలిముద్ర పడకుండా బయటికి లాగి, గోరువెచ్చటి నీళ్ళలో ఒక్క బొట్టు సబ్బు వేసి, పసిపిల్ల చెవి తుడిచినంత మెల్లగా తుడవాలి. ముప్పై ఏళ్ళుగా పట్టిన బూజు తెల్లగా ఊడి వస్తుంది. ఆరబెట్టి, మంచి తొడుగులోకి మార్చి, ఆ కాలపు కంప్యూటర్లో పెడితే కొన్ని నోరు విప్పుతాయి, కొన్ని విప్పవు. అలాంటి కంప్యూటర్ ఎర్రగడ్డ సంతలో దొరకడానికి ఆమెకు ఎనిమిది నెలల ఆదివారాలు పట్టాయి. ఇప్పుడు చికెన్‌కు మసాలా పట్టించి పెట్టింది, అత్తకు బీపీ మాత్ర ఇచ్చింది, చర్చికి ఇంకా గంటన్నర ఉంది. ఇంతకంటే పెద్ద తీరిక ఆమెకు వారంలో మళ్ళీ దొరకదు.

"ఏందే ఇది? చికెన్ గిన్నె పక్కకు గీ నల్ల రేకులేంది?" అన్నాడు భర్త విజయ్ కుమార్, చాయ్ గ్లాసు సింకులో పెడుతూ. ఆయన గ్లాసు సింకు దాకా తెస్తాడు. కడగడు. తేవడం వరకే తన వంతు అని ఆయన, అంతైనా తెస్తున్నాడు కదా అని ఆమె, పెళ్ళయిన కొత్తలోనే ఒప్పందానికి వచ్చేశారు.

"ఫ్లాపీలు. కనకరాజు సారు ఇచ్చిండు. ఉప్పల్‌ల థీసిస్‌లు టైపు కొట్టిచ్చే జాబ్‌వర్క్ దుకాణం ఉండె గదా, ఆయన."

"పుస్తకం అయిపోయిందంటివి గదా. ప్రిన్సిపాల్ సారు ఏపిస్తడాయె. ఇంకా ఏం కడుగుతున్నవ్?"

దోర్కా ఇంకో చక్రాన్ని నీళ్ళలో ముంచింది. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. పుస్తకం అయిపోయింది, నిజమే. ప్రిన్సిపాల్ సారు వేయిస్తున్నాడు, అదీ నిజమే. అట్ట మీద ఎవరి పేరు ఉండబోతోందో కూడా ఆమె ఇంట్లో చెప్పింది, చెప్పినా ఎవరికీ అది చెప్పుకోదగ్గ సంగతిగా కనబడలేదు. "పేరుదేముందే, పుస్తకమైతే వస్తది గదా" అన్నాడు విజయ్ కుమార్. నాచారం ఫ్యాక్టరీలో తన షిఫ్టు రిపోర్టు మీద పక్క సూపర్‌వైజర్ సంతకం పెట్టాడని రెండేళ్ళు అతనితో మాట్లాడని మనిషే ఆ మాట అన్నాడు.

దోర్కాకు నలభై ఎనిమిదేళ్ళు. ఘట్‌కేసర్ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ అసిస్టెంటు. పెళ్ళికి ముందే లోయరూ హయ్యరూ టైపు పాసయింది. నాచారంలో కాపురానికి వచ్చిన ఏడాది, ఇంట్లో ఎలాగోలా ఒప్పించి వీధి చివరి ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ నేర్చుకోవడానికి చేరింది. అక్కడ మొదటిరోజు ఆమె ముందు వెలిగింది వర్డ్‌స్టార్. మౌస్ లేదు, బొమ్మలు లేవు, నల్లటి తెర, దాని మీద అక్షరాలు. పైన మాత్రం ఒక జాబితా: ఈ మీట నొక్కితే ముందుకు పోతావు, ఇది నొక్కితే వెనక్కి వస్తావు, ఇది నొక్కితే రాసింది దాచిపెడతాను, ఇది నొక్కితే చెరిపేస్తాను. నీకేం కావాలి అని అన్నీ ముందు పరిచి అడిగింది ఆ యంత్రం. పుట్టింట్లో గానీ, అత్తింట్లో గానీ, అప్పటిదాకా దోర్కాను అలా అడిగినవాళ్ళు లేరు. ఆమెకు ఒళ్ళు జలదరించింది. ఆ జలదరింపు ఇన్నేళ్ళయినా పోలేదు, అందుకే ఈ పుస్తకం.

అత్త సాలమ్మ మాత్రం చుట్టాలకు "మా కోడలు టైపు కొడ్తది" అని చెప్పేది, మా కోడలు జర దగ్గుతది అని చెప్పినట్టు. ఆ టైపుతోనే దోర్కా మరిది ఉద్యోగ దరఖాస్తులు కొట్టింది, ఆడపడుచు కొడుకు ప్రాజెక్టు కొట్టింది, చర్చి వార్షిక నివేదికలు పదిహేనేళ్ళు కొట్టింది. కాలేజీలో ల్యాబ్ మాన్యువల్ మొత్తం తనే రాసింది, కొట్టడం కాదు, రాసింది. దాని మీద ముగ్గురు ప్రొఫెసర్ల పేర్లున్నాయి. ఒకాయన పేరులో అక్షరం తప్పు పడిందని ఆమెను పిలిచి కేకలేశారు కూడా. ఆ రోజు ఆమె సారీ చెప్పి, సరిచేసి, మళ్ళీ ప్రింట్ తీసి, స్టేపుల్ కొట్టి ఇచ్చింది.

పుస్తకం పేరు 'మౌస్ లేని రోజులు'. వర్డ్‌స్టార్, దాని తోటి పాత రాత సాఫ్ట్‌వేర్‌లు, వాటి మీద పనిచేసిన మనుషులు. ఆరేళ్ళు తిరిగింది దోర్కా. కాలేజీ బస్సు ఉప్పల్‌లో దిగాక అరగంట, ఆదివారాలు రెండు గంటలు, సెలవుల్లో ఇల్లు దులిపాక మిగిలిన పూట. మూతపడిన ఇన్‌స్టిట్యూట్‌ల యజమానులను, కోర్టు దగ్గర టైపు కొట్టినవాళ్ళను, రిటైరైన గుమస్తాలను వెతికి పట్టుకుంది. పాత మాన్యువల్‌లు తూకానికి పోకుండా ఆపింది. ఇవాళ ఫోన్లో తీసిన ఒక్క ఫోటో కూడా పట్టని ఫ్లాపీలో ఆ రోజుల్లో సగం నవల పట్టేదంటే, అలా పట్టించడానికి ఎవరు ఎంత బుర్ర పెట్టారో తలుచుకుని తలుచుకుని, ఆశ్చర్యపడి, రెండొందల పన్నెండు పేజీలు రాసింది. రాసిన ప్రతి పేజీనీ కూర మాడకుండా చూసుకుంటూ రాసింది.

మొన్న గురువారం, చదివి చూడమని ఆమె ఇచ్చిన రాతప్రతి ముందు పెట్టుకుని, ప్రిన్సిపాల్ గోపాలరావు గారు గదికి పిలిచారు. కూర్చోమన్నారు, అదే మొదటిసారి. "మంచి మెటీరియల్ సేకరించావమ్మా దోర్కా. నాకే ఆశ్చర్యం వేసింది. కాలేజీ సిల్వర్ జూబ్లీకి దీన్ని మనమే అచ్చు వేయిద్దాం. అయితే ఇలాంటి పుస్తకానికి ఒక స్కాలర్ పేరుండాలి, లేకపోతే లైబ్రరీలు తీసుకోవు. రచయితగా నా పేరు పెడతాను, లోపల 'సమాచార సేకరణ, టైపింగ్: శ్రీమతి దోర్కా విజయ్ కుమార్' అని వేయిస్తాను. నీకు సంతోషమే కదా?"

దోర్కా తలూపింది. మనసు వద్దు వద్దు అంటుంటే తల దాని అలవాటు కొద్దీ అది ఊగింది. బయటికి వచ్చి ల్యాబ్‌లో కూర్చుని, ఆ ఊపిన తలను తనే తిట్టుకుంది. ఊపడానికి ఎంత చిన్న కదలిక చాలు! ఆరేళ్ళ పని పోవడానికి అర అంగుళం పైకీ అర అంగుళం కిందికీ. శుక్రవారానికి నాచారం ప్రెస్సులో అట్ట తయారైపోయింది. మంగళవారం అచ్చుకు పోతుంది.

శనివారం కనకరాజు ఫోన్ చేసి, ఇల్లు ఖాళీ చేస్తున్నా, ఫ్లాపీల డబ్బా ఒకటి దొరికింది, కావాలంటే వచ్చి తీసుకపో అన్నాడు. ఇంకెందుకు అనుకుంటూనే పోయింది. డబ్బా మీద 1993 అని రాసి ఉంది. "ఒక్కటే మిషన్ ఉండె మాకు. పొద్దుగాల ఒకామె, నడుమ ఒకామె, మాపటీలి ఒకామె. ముగ్గురు ఆడపిల్లలు వంతులేసుకొని కొడుతుండిరి. ఎంతమంది పీహెచ్‌డీలు నా దుకాణంల పుట్టిన్రో" అని మురిసిపోయాడు ఎనభై ఏళ్ళ కనకరాజు. "వాళ్ళ పేర్లేంది సార్?" అని దోర్కా అడిగితే చాలాసేపు గడ్డం రుద్దుకున్నాడు. "టైపిస్టు పిల్లలు అనేటోల్లమమ్మా. ఒకామె స్వర్ణలత. నాగోల్‌ల కర్రీ పాయింట్ నడుపుతది, మొన్న పెండ్లిల కలిసింది. తతిమ్మా ఇద్దరు యాదికి లేరు. నేనైతే ఒక్కటే కట్టుబాటు పెట్టిన, మిషన్ కాడ ముచ్చట్లు బంద్. వంతు మారేటప్పుడు ఒకరు లేసుడు, ఒకరు కూసునుడు, గంతే."

చర్చి నుంచి వచ్చి, భోజనాలు పెట్టి, గిన్నెలు కడిగి, దోర్కా బాల్కనీ పక్క మూలలో తన పాత కంప్యూటర్ ముందు కూర్చుంది. మొదటి ఫ్లాపీ చదవలేదు. రెండోది చదవలేదు. మూడోది కాసేపు గరగరమని గొంతు సవరించుకుని, తెర మీద ఫైళ్ళ పేర్లు ఒక్కొక్కటీ పైకి ఎక్కించింది. దోర్కా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఎన్నిసార్లు చూసినా ఆమెకు ఇది అలవాటు కాదు. బూజు కింద, చీకట్లో, ఎవరూ అడగకుండా ముప్పై ఏళ్ళు పడి ఉన్న మాటలు, పిలిస్తే లేచి వచ్చాయి.

ఫైలు తెరిచింది. ఎవరిదో థీసిస్, ఇంగ్లీషులో, సంఖ్యాశాస్త్రం. మొదటి పేజీ చూడకుండానే గబగబా నలభై పేజీలు కిందికి పోయేసరికి ఆ ఇంగ్లీషు మధ్యలో, ఇంగ్లీషు అక్షరాల్లోనే కానీ తెలుగు మాటలతో ఒక వరుస ఉంది. దాని మొదట్లో రెండు చుక్కలు.

".. అక్కా ఇక్కడిదాక అయింది. 41వ పేజీల పట్టిక పక్కకు జరుగుతుంది, మార్జిన్ చూసుకో. వి."

వర్డ్‌స్టార్‌లో ఒక సంగతుంది. వరుస మొదట రెండు చుక్కలు పెట్టి ఏం రాసినా అది తెర మీద కనబడుతుంది, కాగితం మీదికి రాదు. ప్రింటర్ దాన్ని దాటేసి పోతుంది. దోర్కా తన పుస్తకంలో దీని గురించి ఒక పేరా రాసింది కూడా, 'ఈ సౌకర్యాన్ని ఎవరూ పెద్దగా వాడినట్టు లేదు' అని. ఆ వాక్యం గుర్తొచ్చి ఆమెకు సిగ్గేసింది. మాటలు బంద్ అన్న దుకాణంలో, ఒకరు లేచి ఒకరు కూర్చునే ఆ కుర్చీలో, ముగ్గురు ఆడపిల్లలు ఇంకెవరి కంటా పడని చోటు కనిపెట్టి మాట్లాడుకున్నారు. కనకరాజు వెనకే నిలబడి ఉండేవాడు. ఆయనకు తెర చదవడం రాదు, కాగితం చదవడం వచ్చు.

దోర్కా కిందికి పోతూనే ఉంది.

".. జ్వరం ఉండె. నాలుగు పేజీలే అయినయి. నీ మీద బరువు పడ్డది. ఏమనుకోకు. బి."

".. ఏమనుకోలే. నీ నాలుగు నేను కొట్టిన. సారుకు నువ్వే కొట్టినవని చెప్పిన. ఎస్."

".. కంట్రోల్ మీట అంటుకుంటుంది, నీళ్ళు పడ్డయి. ఊదితే వస్తది. వి."

".. వాంతులయితున్నయి. ఇంట్ల ఇంకా చెప్పలే. ముందుగాల మీకే చెప్తున్న. బి."

దోర్కా చేయి మీట మీద ఆగిపోయింది. ఎవరో ఒక సారు రాసిన సంఖ్యాశాస్త్రం మధ్యలో, అరవై మూడో పేజీలో, ఒక అమ్మాయి తన మొదటి కడుపు సంగతి చెప్పుకుంది. ఆ పేజీ అచ్చయింది, బైండింగ్ అయింది, యూనివర్సిటీకి పోయింది, పెద్దలు చదివి డిగ్రీ ఇచ్చారు. ఆ వాంతులు ఎవరికీ కనబడలేదు. సారు రాసిచ్చినప్పుడల్లా కొట్టిన థీసిస్ కాబోలు, ఇంకో ఇరవై పేజీలకే నెలలు గడిచి, బి రాయడం ఆగిపోయింది. ".. బి కి బిడ్డ పుట్టిందంట. కనకరాజు సారు చెప్పిండు. చూడబోదామంటే మనిద్దరం ఒక్కసారి పోనీకి లేదు, మిషన్ కాడ ఎవరుంటరు. నువ్వు పొద్దుగాల పో, నేను మాపటీలి పోత. ఎస్." దోర్కాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. పసిబిడ్డను చూడ్డానికి కూడా వంతులే.

ఆ తర్వాత వచ్చింది ఆ వరుస.

".. పట్టిక 3 ఆఖరి కూడిక తప్పు. సారు 1174 రాసిండు. 1274 రావాలె. కింద శాతాలన్ని దాని మీదనే ఉన్నయి, అవి గూడ తప్పు. పదకొండు చోట్ల మార్చిన. నువ్వు ఒకసారి కూడి చూడు. సరిగ్గుంటే ప్రింటుకు ఇద్దాం. ఎవ్వరికి చెప్పకు. ఎస్."

దాని కిందనే: ".. కూడిన. మూడు సార్లు. నువ్వే కరెక్ట్. వి."

దోర్కా ఫైలు మొదటికి పోయింది, ఈ సారు ఎవరో చూద్దామని. ముఖపత్రం మీద పేరు చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది. గోపాలరావు. ఇంటిపేరు కూడా అదే. కాలేజీ గోడ మీద, ఉత్తరాల మీద, ల్యాబ్ మాన్యువల్ మీద, ఇప్పుడు తన పుస్తకం అట్ట మీద ఉన్న పేరే.

సోమవారం సెలవు పెట్టింది. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి ఒక్క స్టేషన్, నాగోల్‌లో దిగింది. కర్రీ పాయింట్ దొరకడం కష్టం కాలేదు. స్వర్ణలతకు యాభై నాలుగేళ్ళుంటాయి. కొంగు నడుముకు చెక్కి, పప్పును ప్యాకెట్లలో పోసి, దారంతో ఒక్క తిప్పు తిప్పి ముడి వేస్తోంది, చూడకుండానే. దోర్కా తనెవరో, ఎందుకొచ్చిందో చెప్పింది. ఆమె నమ్మలేదు. రాత్రే వర్డ్‌స్టార్‌నూ ఆ ఫైలునూ ఎక్కించి తెచ్చిన ల్యాప్‌టాప్‌ను దోర్కా తెరిచి, బెండకాయ ట్రే పక్కన పెట్టి చూపించింది.

స్వర్ణలత చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. వంగి చూసింది. మొదటి రెండు చుక్కల వరుస దగ్గర ఆమె పెదాలు కదిలాయి. "విక్టోరియా" అంది. "వి అంటే విక్టోరియా. బి అంటే బిందుమాధవి. అయ్యో, నా తల్లీ. ఇది యాడ దొరికింది నీకు?" అని, అడక్కుండానే ఎడమ చేయి చిటికెన వేలు కంట్రోల్ మీద పెట్టింది. వేళ్ళు వాటంతట అవే నడిచాయి. పేజీలు గబగబా కిందికి పోయాయి, ఆగాయి, ఒక వరుస మొదలూ చివరా గుర్తులు పడ్డాయి, వరుస లేచి ఇంకోచోట కూర్చుంది, మళ్ళీ తన చోటికి వచ్చింది. దోర్కా ఆరేళ్ళుగా మాన్యువల్‌లు చదివి నేర్చుకున్నదంతా ఆ వేళ్ళ ముందు నిలబడి చూడ్డానికే పనికొచ్చింది. పప్పు వాసన, పసుపు పట్టిన గోళ్ళు, ఆ వేగం!

"మా ఇంట్ల ఎవ్వరికి తెల్వదు చెల్లె," అంది స్వర్ణలత, చేయి తీసుకుని. "పెండ్లి సూపులకు వచ్చినప్పుడు మా అమ్మోల్లు కంప్యూటర్ వచ్చని చెప్పొద్దన్నరు, పొగరనుకుంటరని. తర్వాత చెప్పే మోక రాలె. నా కోడలు నాకు ఫోన్ ఎట్ల చూడాల్నో నేర్పిస్తది."

"పట్టిక తప్పున్నదని సారుకు ఎందుకు చెప్పలేదక్కా?"

"అంతకుముందు ఒక సారుకు చెప్పిన. కాగితంల ఏముంటే అది కొట్టు, నీకెందుకు లెక్కలు అని ఆయన తిట్టిండు, కనకరాజు సారు ఒకపూట జీతం కోసిండు. గప్పటిసంది చెప్పుడు బంద్ వెట్టి, సరిజేసుడు మొదలువెట్టిన." ఆమె నవ్వింది. "గోపాలరావు సారు మీద కోపమేం లేదు. మంచోడు. చాయ్ తెప్పిచ్చేటోడు. వందల కాడికి ఒకటి ఎక్కించుడు మర్చిపోయిండు, గంతే. ఎవరైన మర్చిపోతరు."

"మీ ముగ్గురి పేర్లు నా పుస్తకంల రాస్త. రాయనిస్తవా?"

"రాయి. రాస్తే ఏమైతది. నా కోడలుకు జూపిస్త." ఒకామె వచ్చి సాంబారు అడిగింది. స్వర్ణలత గరిటె అందుకుని, పోస్తూ, మామూలుగా అడిగింది. "పుస్తకం మీద నీ పేరే ఉంటదా చెల్లె?"

దోర్కా ల్యాప్‌టాప్ మూసింది. బిందుమాధవి వాంతుల ముందూ, విక్టోరియా మూడుసార్ల కూడిక ముందూ, ఈ పసుపు వేళ్ళ ముందూ అబద్ధం ఆడటం ఎలా? "లేదక్కా" అంది. "ప్రిన్సిపాల్ పేరు. నేను సరే అన్న."

స్వర్ణలత సాంబారు ప్యాకెట్ ముడి వేసి ఇచ్చి, చిల్లర ఇచ్చి, గరిటె గిన్నెలో పెట్టింది. "మేమైతే కొలువు పోతదని ఊకున్నం. అడిగేటోల్లు గూడ లేకుండిరి" అని మాత్రం అంది. ఆ మాటలో దెప్పు లేదు. దోర్కాకు అదే ఎక్కువ గుచ్చుకుంది. తనకు అడగడానికి నోరుంది, చూపడానికి రెండొందల పేజీల రాత ఉంది, నలభై ఎనిమిదేళ్ళ వయసుంది. అన్నీ ఉండి తల ఊపింది.

ఉప్పల్‌లో దిగి, స్కైవాక్ మీద జనం తోసుకుపోతుంటే రెయిలింగ్‌కు ఆనుకుని, ప్రెస్సుకు ఫోన్ చేసింది. అట్ట మీద పేరు మార్చాలని, ఒక అధ్యాయం చేరేదాకా అచ్చు ఆపాలని, మొదటి పేజీ తనే పంపుతానని, కాలేజీ డబ్బు పెట్టకపోయినా వంద కాపీలు తనే వేయించుకుంటానని చెప్పింది. 'ఎవరూ పెద్దగా వాడినట్టు లేదు' అన్న ఆ వాక్యాన్ని ఇంటికి పోగానే కొట్టేసి, దాని చోట కొత్త అధ్యాయం రాయడానికి కూర్చుంది. పొయ్యి వెలిగించలేదు. సాలమ్మ రెండుసార్లు వంటింట్లోకి తొంగి చూసి, "కోడలికి పానం మంచిగ లేదా ఏంది" అని గొణిగింది.

విజయ్ కుమార్ వచ్చి సంగతి విని మంచం మీద కూలబడ్డాడు. "ప్రిన్సిపాల్‌తోని పెట్టుకుంటవా? కొలువు తీసేస్తే? వంద కాపీలు ఎవరు సదువుతరే?"

"నువ్వు సదువుతవా?" అంది దోర్కా. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. ఆరేళ్ళలో ఆయన ఒక్క పేజీ అడగలేదు. విజయ్ కుమార్ లేచి, అన్నం కుక్కరు తనే పొయ్యి మీద పెట్టాడు. నీళ్ళు ఎక్కువ పోశాడు. దోర్కా లేవలేదు.

మంగళవారం కాలేజీలో మొదటి గంట కొట్టకముందే ప్రిన్సిపాల్ గది తలుపు తట్టింది. గోపాలరావు గారు కూర్చోమన్నారు. ఆమె నిలబడే చెప్పింది. "సార్, గురువారం నేను తలూపిన. తప్పు చేసిన. రాసింది నేను. అట్ట మీద నా పేరే ఉంటది. ప్రెస్సులో చెప్పేసిన."

ఆయన కోప్పడలేదు. జాలిపడ్డారు, అది ఇంకా బరువు. "ఎవరో ఎక్కించారు నీకు. కాలేజీ వెనక్కి తప్పుకుంటుంది, తెలుసు కదా?"

"తెల్సు సార్."

"చూడమ్మా దోర్కా. నీ కష్టం కాదనను. కానీ పరిశోధన వేరు, టైపింగ్ వేరు. కాగితంలో ఉన్నది కొట్టే చేతికి లోపలి విషయం ఏం తెలుస్తుంది చెప్పు?"

సంచిలో ఉన్న కాగితం చూపించకూడదనే అనుకుని వచ్చింది దోర్కా. ఒక మనిషిని ముప్పై ఏళ్ళనాటి కూడికతో చిన్నబుచ్చడం ఆమెకు ఇష్టం లేదు. స్వర్ణలతకే కోపం లేనప్పుడు తనకెందుకు? కానీ ఈ మాట తన ఒక్కదాన్ని అన్నది కాదు. సంచిలోంచి, తెరను ఫోటో తీసి వేయించిన ప్రింట్ తీసి బల్ల మీద పెట్టింది. రెండు చుక్కలతో సహా, స్వర్ణలత వరుస, దాని కింద విక్టోరియా వరుస. "మీ థీసిస్ ఫైలు సార్. ఉప్పల్‌లో కొట్టిన్రు. ఆ ఫ్లాపీ నాకు దొరికింది. వరుస మొదట రెండు చుక్కలు పెడితే అచ్చులో పడదు. వాళ్ళు ఒకరికొకరు రాసుకున్నరు."

గోపాలరావు గారు చదివారు. మళ్ళీ చదివారు. చెవులు ఎర్రబడ్డాయి. "నా లెక్కలోనా? తప్పా?" అని లేచి, అద్దాల బీరువా తాళం తీసి, నల్ల బైండింగు మీద బంగారు అక్షరాలున్న థీసిస్ బయటికి తీశారు. దుమ్ము ఊదారు. మూడో పట్టిక తెరిచి, జేబులోంచి పెన్సిల్ తీసి, పైనుంచి కిందికి కూడటం మొదలుపెట్టారు. పెదాలు కదులుతున్నాయి. దోర్కా అలాగే నిలబడి చూస్తోంది. అరవై ఒక్క ఏళ్ళ ప్రిన్సిపాల్, మొదటి గంట మోగుతున్నా వినబడకుండా, బల్ల మీదికి వంగి ఒకట్లు, పదులు, వందలు కూడుతున్నారు. రెండోసారి కూడారు. మూడోసారి ఫోన్లో కూడారు. శాతాలు ఒక్కొక్కటీ చూశారు, పదకొండూ.

మెల్లగా ఆయన ముఖం విప్పారింది. పుస్తకం ఆమె వైపు తిప్పి, చివరి అంకె మీద వేలు పెట్టి కొట్టారు. "చూడు! పన్నెండొందల డెబ్బై నాలుగు. ఎక్కడుంది తప్పు? ఒక్క అంకె తేడా లేదు. అంతా కరెక్టుగా ఉంది!"

"అవును సార్," అంది దోర్కా. "స్వర్ణలత అంత కరెక్టుగా చేసింది."